సెంట్రింగ్ విప్పే రోజు

ప్రియమైన పాఠక మిత్రులకు,



పోయిన నెల ఉత్తరంలో స్లాబుకు నీళ్ళు పట్టడం గురించి రాశాను గదా, దానికి మీలో చాలామంది జవాబులు రాశారు. అందులో భీమవరం నుంచి ఒక టీచరుగారు రాసిన ఉత్తరం నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. వాళ్ళు పై అంతస్తు వేస్తున్నారు. స్లాబు పోసి తొమ్మిది రోజులైందట. సెంట్రింగ్ సామానుకి రోజువారీ అద్దె పడుతోంది కాబట్టి విప్పేస్తానని మేస్త్రీ తొందరపెడుతున్నాడట. "విప్పనివ్వమంటారా, ఆగమంటారా?" అని అడిగారు. చివర్లో, పోతూ పోతూ అన్నట్టు ఇంకో మాట రాశారు. వాకిట్లో కట్టిన కొత్త సంపు లోపలి చెక్కలు కూడా ఆ రోజే ఎవరినన్నా దింపి తీయించేస్తారట.

ముందు స్లాబు సంగతి. దీనికి ఐఎస్ 456 అని మన దేశ ప్రమాణం ఉంది. గది వెడల్పు నాలుగున్నర మీటర్లు, అంటే సుమారు పదిహేను అడుగుల లోపయితే స్లాబు కింది జాకీలు 7 రోజులు ఉండాలి. అంతకు మించితే 14 రోజులు. బీముల కిందైతే ఆరు మీటర్ల లోపు వాటికి 14 రోజులు, ఆ పైన 21 రోజులు. ఇది మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు, నీళ్ళు సరిగ్గా పట్టినప్పుడు చెప్పిన లెక్క. ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా దొరికేది బూడిద కలిసిన పీపీసీ. అది మెల్లగా బలం పుంజుకుంటుంది, కాబట్టి ఇంకొన్నాళ్ళు ఆగాలి. టీచరుగారూ, మీ హాలు పద్దెనిమిది అడుగులన్నారు. బీములూ ఉన్నాయి. తొమ్మిదో రోజున విప్పనివ్వకండి. ఇంకొన్ని రోజుల అద్దె పోతే పోనీయండి.

ఇక సంపు. దాని గురించే ఈ ఉత్తరమంతా.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ఊళ్ళో క్వార్టర్లు కడుతుంటే సైటు మీద ఉన్నాను. సంపు పైకప్పు పోసి ఇరవై రోజులైంది. రెండడుగుల మూత రంధ్రం తప్ప గాలి దూరే సందు లేదు. లోపల తడిసిన సర్వీ కర్రలు, పాత చెక్కలు, అడుగున చీలమండ లోతు నీళ్ళు. పందొమ్మిదేళ్ళ కుర్రాడు దిగాడు. ఒక చెక్క పైకి అందించాడు. రెండోదీ అందించాడు. మూడో చెక్క రాలేదు. కేక లేదు, దగ్గు లేదు, నీళ్ళలో ఏదో పడిన చప్పుడు మాత్రం వినిపించింది. పక్కనున్న అతని అన్న దూకబోతే పాలమూరు నుంచి వచ్చిన పెద్ద మేస్త్రీ చొక్కా పట్టి వెనక్కి లాగాడు. "దిగితే నువ్వూ పోతావురా" అని అరిచాడు. బావిలో పడ్డ బకెట్లు తీసే పాతాళ గరిగె పక్కింట్లో దొరికింది. దాన్ని లోపలికి వదిలి, కుర్రాడి బెల్టుకు తగిలించి, నలుగురు కలిసి పైకి లాగారు. పెదాలు నల్లబడ్డాయి. కాసేపటికి ఊపిరి తీసుకున్నాడు.

ఆ కుర్రాడు బతికాడు. ఆ మేస్త్రీ లేకపోతే ఆ రోజు ఆ ఇంట్లో ఇద్దరు పోయేవారు. ఇలాంటి వార్తలు మన పేపర్లలో వస్తూనే ఉంటాయి. ఒకరు దిగి పడిపోతే కాపాడబోయి రెండోవాడు, అతని కోసం మూడోవాడు. తండ్రీ కొడుకులు, అన్నదమ్ములు. లోపల పడ్డది మనవాడైతే కాళ్ళు ఆగవు.

కొత్త సంపే గదా, చుక్క మురుగు పడలేదు, అందులో విషవాయువు ఎక్కడిది అని మీకు అనుమానం రావచ్చు. మామూలు గాలిలో ఆక్సిజన్ నూటికి ఇరవై ఒక్క పాళ్ళు ఉంటుంది. మూత పెట్టిన చోట తడి చెక్క కుళ్ళడం మొదలైతే, దాని మీద పెరిగే సూక్ష్మజీవులు ఆ ఆక్సిజన్‌ని తినేస్తాయి, బొగ్గుపులుసు వాయువు వదులుతాయి. దానికి వాసన ఉండదు. ఆక్సిజన్ పది పాళ్ళకు దిగువకు పోయిన చోట మనిషి తనకేమవుతోందో తెలిసేలోపే స్పృహ తప్పుతాడు. నిచ్చెన వైపు చెయ్యి చాచే వ్యవధి కూడా ఉండదు.

పాత రోజుల్లో బావి దిగేముందు లాంతరు వెలిగించి తాడుతో దింపేవాళ్ళు. ఆరిపోతే దిగేవాళ్ళు కాదు. ఆ తెలివికి దణ్ణం పెట్టాలి. అయినా ఇప్పుడు ఆ పద్ధతిని నమ్ముకోకండి. పాత సెప్టిక్ ట్యాంకులో మండే గ్యాస్ ఉంటే దీపం ప్రమాదం. దీపం వెలుగుతున్నా లోపల వేరే విషం ఉండవచ్చు. గ్యాస్ మీటరు దొరికితే అదే మేలు. అది లేనిచోట చేయవలసినవి ఇవి: మూతలన్నీ తీసి కనీసం ఒక పగలూ రాత్రీ వదిలేయండి. ఫ్యాను గానీ బ్లోయరు గానీ పెట్టి లోపలికి గాలి కొట్టించండి, పని జరుగుతున్నంతసేపూ దాన్ని ఆపకండి. దిగే మనిషికి తాడు కట్టండి, ఆ తాడు పట్టుకుని పైన ఇద్దరు కదలకుండా ఉండాలి. లోపలివాడు పలకకపోతే తాడు లాగడమే, ఎవ్వరూ దిగకూడదు. ఇంకా కట్టనివాళ్ళుంటే సంపుకి చెరో చివరా ఒక్కో మూత పెట్టించుకోండి, గాలి ఆడుతుంది.

"అదంతా మేస్త్రీ చూసుకోవాలి గదా, మాకేం తెలుసు?" అని మీలో కొందరు అనుకుంటారు. ఆ మాట నేను ముప్ఫై ఏళ్ళు విన్నాను. ఓనరు కాంట్రాక్టరు మీదికి, కాంట్రాక్టరు మేస్త్రీ మీదికి, మేస్త్రీ చివరికి కూలీ మీదికి నెడతాడు. "వాడే చూసుకోవాలి సార్, వాళ్ళకి అలవాటే" అంటారు. మన చట్టం మాత్రం బాధ్యతను పైనే పెట్టింది. భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే సైటుకి అది వర్తించేది. పనిని ఎడతెగకుండా, తగినంతగా పర్యవేక్షించడం, ప్రమాదాలు జరగకుండా చేయగలిగిందంతా చేయడం యజమాని బాధ్యత అని దాని 44వ సెక్షన్ చెప్పింది. పని కాంట్రాక్టుకి ఇచ్చినచోట కాంట్రాక్టరు కూడా ఆ యజమాని లెక్కలోకే వచ్చేవాడు. 2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిసిపోయింది. భద్రత కోసం ఇచ్చే వస్తువులకు కూలీ దగ్గర పైసా కూడా వసూలు చేయకూడదని ఆ కోడ్ చెప్తోంది. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే ఆ సంగతి యజమానికి చెప్పే హక్కు కార్మికుడికి ఉంది, చెప్పాక వెంటనే సరిచేయడం యజమాని విధి. పాత చట్టంలో 500 మంది ఉన్నచోటే సేఫ్టీ ఆఫీసరు ఉండాలని ఉండేది, ఇప్పుడు 250 మంది ఉన్నా ఉండాలి.

సొంత ఇల్లు కట్టుకునేవాళ్ళకు మినహాయింపు ఉంది. పాత చట్టంలో 10 లక్షల లోపు ఖర్చయ్యే ఇంటికి, కొత్త సామాజిక భద్రత కోడ్‌లో 50 లక్షల లోపు ఇంటికి. ఈ పెంపు నాకు నచ్చలేదు. మన ఊళ్ళలో మనుషులు జారిపడేదీ, కరెంటు తగిలి పోయేదీ ఎక్కువగా ఇలాంటి చిన్న ఇళ్ళ దగ్గరే. అయినా నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా జైలు ఉంది. దానికి యాభై లక్షల మినహాయింపు ఏమీ లేదు.

కరెంటు అన్నాను గాబట్టి అది కూడా చెప్తాను. ఇనుప కడ్డీ పొడవు 12 మీటర్లు, దాదాపు నలభై అడుగులు. మేడ మీద ఇద్దరు దాన్ని భుజాన పెట్టుకుని మలుపు తిరుగుతారు. ముందున్నవాడి చూపు కాలి కింద ఉంటుంది, వెనకవాడి చూపు ముందున్నవాడి వీపు మీద ఉంటుంది. కడ్డీ చివర ఎక్కడ తిరుగుతోందో ఇద్దరికీ కనపడదు. వీధిలో పోయే 11 కేవీ లైను ఇంటి గోడకు పక్కగా కనీసం 1.2 మీటర్లు, పైన 3.7 మీటర్లు ఎడంగా ఉండాలని నియమం. ఆ ఎడం కట్టిన ఇంటికి సరిపోతుంది, తిరిగే నలభై అడుగుల కడ్డీకి చాలదు. అందుకని ఇనుము ఎత్తేరోజు లైను ఆపించమని కరెంటు ఆఫీసులో ముందే రాసివ్వండి. లైను పోయే వైపు కడ్డీలు అసలు ఎక్కించకండి. కింద మిల్లరుకీ, కోత మిషనుకీ ఇచ్చే కనెక్షన్ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మీదుగా పోవాలి. స్విచ్చు బోర్డులోంచి లాగి, చివర్లు పుల్లలతో గుచ్చిన వైరు మీ సైటులో కనిపిస్తే ఆ రోజు పని ఆపేయండి.

హెల్మెట్ పెట్టుకోలేదని కూలీని కేకలేయడం తేలిక. నాలుగో అంతస్తు నుంచి పడ్డవాణ్ణి హెల్మెట్ ఏం కాపాడుతుంది? ముందు అంచున కమ్మీ కట్టాలి. అది కుదరని చోట బెల్టు. ఆ తర్వాతే టోపీ. పెద్ద అపార్టుమెంట్ల దగ్గర నేను తరచు చూసేది ఒకటుంది. మనిషి ఒంటికి మంచి బెల్టు ఉంటుంది, దాని కొక్కెం మాత్రం వెనకాల తోకలా వేలాడుతూ ఉంటుంది. తగిలించడానికి పైన తాడు లేదు మరి. బెల్టు కొన్నారు, తనిఖీకి చూపించారు, తాడు సంగతి ఎవరికీ పట్టలేదు. వానకి నానిన కొబ్బరి తాళ్ళతో కట్టిన సర్వీ పరంజా మీద మనుషుల్ని ఎక్కించేముందు ప్రతి ముడీ చేత్తో పట్టి చూడాలి. వాన పడ్డాక మళ్ళీ చూడాలి. ఈ పని ఇంజనీరు చేయాలి, కనీసం మేస్త్రీ చేయాలి. మూడో అంతస్తు సజ్జకి ప్లాస్టరింగ్ చేస్తూ అలాంటి ముడి తెగి పడ్డ ఒక తాపీ మనిషిని నేను ఆస్పత్రికి తీసుకెళ్ళాను. నడుం కింద చచ్చుబడింది. ఆ పొద్దున ఆ పరంజా నేను చూసి ఉండాల్సింది. చూడలేదు.

ఆడవాళ్ళ మోత గురించి కూడా మీరు పట్టించుకోవాలి. 1998 నాటి కేంద్ర నియమాల ప్రకారం మగమనిషి చేత 55 కిలోలకు మించి, ఆడమనిషి చేత 30 కిలోలకు మించి ఒంటరిగా మోయించకూడదు. సిమెంటు బస్తా 50 కిలోలు. మీ ఇంటి దగ్గర బస్తా ఏ ఆడమనిషి తలమీదైనా కనిపిస్తే అది నియమం తప్పినట్టే. వాళ్ళ పిల్లలు ఇసుక కుప్ప మీద ఆడుకుంటూ ఉంటారు. యాభైమందికి మించి ఆడవాళ్ళు పనిచేసే చోట ఆరేళ్ళ లోపు పిల్లలకి విడిగా గది ఉండాలని 1996 చట్టం చెప్పింది. మీ చిన్న సైటులో గది ఉండదు, తెలుసు. నీళ్ళు నిండిన లిఫ్టు గుంత చుట్టూ నాలుగు కర్రలు పాతి అడ్డం కట్టడానికి గది అక్కర్లేదు గదా.

ఇప్పుడు హైదరాబాదులోనూ విజయవాడలోనూ స్లాబు పోసేవాళ్ళలో ఒడిశా, బీహారు, బెంగాల్ వాళ్ళే ఎక్కువ కనిపిస్తున్నారు. మనం "జాగ్రత్త, అక్కడ కాలు పెట్టకు" అని తెలుగులో అరుస్తాం. గోడకి ఇంగ్లీషు బోర్డు తగిలిస్తాం. తాగునీటి దగ్గర పెట్టే బోర్డు కూడా అక్కడ ఎక్కువమందికి తెలిసిన భాషలో ఉండాలనీ, ఆ నీళ్ళు మరుగుదొడ్డికి ఆరు మీటర్ల లోపల ఉండకూడదనీ 1996 చట్టంలోనే రాశారు. నీళ్ళ బోర్డుకే అంత ఆలోచించిన చట్టం ఉన్న దేశంలో, ప్రాణం మీదికొచ్చే హెచ్చరిక పనివాడికి అర్థంకాని భాషలో ఉండడం తప్పు.

మనవాళ్ళూ అలాగే పొరుగూళ్ళు పోయినవాళ్ళే. 2014 జూన్ 28, శనివారం సాయంత్రం చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలిపోయింది. 61 మంది చనిపోయారు. వాళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వలస పోయినవాళ్ళు చాలామంది. కొన్ని ఊళ్ళకి ఒకటి కంటే ఎక్కువ శవాలు వచ్చాయి. పక్కనే ఉన్న దాని జోడు భవనాన్ని 2016 నవంబరులో ప్రభుత్వమే పేల్చి పడగొట్టింది. అంటే ఆ రెండోది నిలబడి ఉన్నా మనుషులు ఉండదగ్గది కాదని తేల్చినట్టే గదా. 61 మంది పోయాక తేల్చారు.

ఎండ సంగతి గల్ఫ్‌లో ఉన్న మన పిల్లల్ని అడగండి. జగిత్యాల, నిజామాబాదు వైపు పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. ఖతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా పగలు పదింటి నుంచి మూడున్నర దాకా ఆరుబయట పని నిషేధం. ఆ దేశంలో కూలీల కష్టాలు ఎన్నో ఉన్నాయి, అవి నాకు తెలుసు. ఈ ఒక్క నియమం మాత్రం మనం కళ్ళకద్దుకుని తెచ్చుకోవాల్సింది. రెంటచింతలలోనూ రామగుండంలోనూ మే నెల మిట్టమధ్యాహ్నం స్లాబు పోయించే మనం, కాంక్రీటుకి ఎండ తగలకుండా గోనెపట్టాలు కప్పుతాం. తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి పదకొండుకి ఆపండి. మిగిలింది సాయంత్రం చేయించండి. నీళ్ళలో ఉప్పు, పంచదార కలిపి పెట్టండి.

డబ్బు గురించి రెండు ముక్కలు. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు కార్మికుల సంక్షేమానికని కడతాం. ప్లాను మంజూరప్పుడు మునిసిపాలిటీ దాన్ని కట్టించుకుంటుంది. ఆ సెస్సు కింద దేశమంతటా 37,400 కోట్ల రూపాయలకు పైగా వసూలైతే, ఖర్చు పెట్టింది దాదాపు 9,500 కోట్లేనని 2018 మార్చి 19న సుప్రీంకోర్టు తన తీర్పులో రాసింది. ఆ డబ్బులో మీరు కట్టిందీ ఉంది. అది కూలీకి అందాలంటే అతను సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ళ లోపు ఉండాలి, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. ఆ 90 రోజులకి రుజువు దొరకదు. పొద్దున్నే అడ్డా మీద నిలబడి, ఈ రోజు ఒకరింట్లో రేపు ఇంకొకరింట్లో పని చేసేవాడికి కాగితం ఎవరిస్తారు?

ప్రాణం పోయాక జరిగేది కూడా తెలుసుకోండి. పెద్దమనుషులు కూర్చుని, కుటుంబం చేతిలో లక్షో రెండు లక్షలో పెట్టి, కేసు లేకుండా కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం చాలాచోట్ల చూశాను. చట్టం ఇప్పించే నష్టపరిహారం లెక్క వేరు. 2020లో పెంచిన పరిమితి ప్రకారం నెల జీతం 15,000 అనుకుంటే, అందులో సగం తీసుకుని వయసును బట్టి ఒక అంకెతో గుణిస్తారు. ఇరవై ఐదేళ్ళవాడికి ఆ అంకె 216.91. అంటే 16 లక్షలకు పైనే వస్తుంది. కాంట్రాక్టరు దీనికి ఇన్సూరెన్సు పాలసీ తీసుకోవచ్చు. అగ్రిమెంటు రాసుకునేటప్పుడు ఇనుము ఏ కంపెనీది, ఇసుక ఏ ఏటిది అని రాయిస్తున్నారు గదా, ఆ పాలసీ కాపీ కూడా చూపించమనండి. అది లేకుండా పునాది తవ్వనివ్వకండి.

మీరంతా ఒక పని చేయండి. మీ ఇంట్లో పనిచేసి వెళ్ళిపోయే ప్రతి మనిషికీ ఎన్ని రోజులు చేశాడో తెల్ల కాగితం మీద రాసి, సంతకం, తేదీ, మీ చిరునామా వేసి ఇవ్వండి. అతను దాన్ని దాచుకుంటాడు.

టీచరుగారూ, ఈ ఉత్తరం అచ్చై మీకు చేరేసరికి ఆలస్యమవుతుందేమోనని నిన్ననే మీకు ఫోను చేశాను. మేస్త్రీతోనూ మాట్లాడాను. సంపు మూత తీసి పెట్టాననీ, బుధవారం దాకా ఎవర్నీ దింపననీ చెప్పాడు. బుధవారం పొద్దున నేను మళ్ళీ ఫోను చేస్తాను. ఫ్యాను పెట్టి, తాడు కట్టి, పైన ఇద్దర్ని నిలబెట్టాకే మనిషిని దింపండి.

ఉంటాను.
మీ శ్రేయోభిలాషి